గాలి బీరువా

మా చినమట్లంక హైస్కూల్లో గాలి జిల్లాలోకెల్లా శ్రేష్ఠమైనదని ప్రభుత్వం వారు తేల్చారు. అందుకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి హెడ్మాస్టరు గారి కుర్చీ వెనక గోడకి తగిలించాం. వారానికోసారి దాని మీది బూడిద తుడవాలి, లేకపోతే అక్షరాలు కనపడవు.

ముందు బూడిద సంగతి చెప్పాలి. మా బడి ప్రహరీకి అవతల ఉప్పుడు బియ్యం మిల్లుంది. వడ్లు ఉడకబెట్టడానికి వాళ్లు ఊక కాలుస్తారు. ఆ ఊక బూడిద పొగగొట్టంలోంచి లేచి, ఊళ్లో ఇంకెక్కడా పని లేనట్టు, సరాసరి మా ఏడో తరగతి బి సెక్షన్లోకి వస్తుంది. దానికి అడ్డేమీ లేదు. ఆ గదికి రెండు కిటికీలు, రెండూ మిల్లు వైపే, రెండింటికీ రెక్కల్లేవు. నాలుగేళ్ల కిందటి తుపానులో ఊడిపోయాయి. పొద్దున్న తెల్ల చొక్కాతో వచ్చిన పిల్ల సాయంత్రం బూడిద గుమ్మడికాయలా ఇంటికి వెళుతుంది.

నేను ఆ సెక్షనుకి క్లాస్ టీచర్ని. పేరు సుభాషిణి, చెప్పేది భౌతికశాస్త్రం. నాకు కోపం ఎక్కువని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. ఆ గదిలో రోజుకి రెండు పీరియడ్లు పాఠం చెప్పి రమ్మనండి, ఎవరి శాంతం ఎంతో తెలుస్తుంది.

ఆ క్లాసులో నాగదుర్గ అనే పిల్ల ఉంది. మనిషి పిడికెడు, బుర్ర మాత్రం పాదరసం. “పొగ పైకే పోతంది కదండీ, అందులో బూడిద మటుకు కిందకెందుకొత్తాదండి?” అని ఒకసారి అడిగింది. సమాధానం చెప్పడానికి నాకు ఒక పీరియడ్ పట్టింది. అడిగేసి సగం వినేసరికి దగ్గు తెర వచ్చి బయటికెళ్లిపోయింది. దానికి ఆయాసం. బెంచీ మార్చి చూశాను, ఆ గదిలో బూడిదకి అన్ని బెంచీలూ ఒకటే. సెక్షన్ మారుద్దామంటే ‘ఎ’ సెక్షన్లో పిల్లలు ఇప్పటికే కిటికీ గూళ్లలో కూర్చుంటున్నారు.

జూలైలో వాళ్లమ్మ నూకరత్నం వచ్చింది. సెంటర్లో పూలమ్ముతుంది. చేతిలో పూలబుట్ట దించకుండానే చెప్పింది.

“పిల్లకి ఒకటే పిల్లికూతలండి టీచరమ్మ గారూ. డాట్రు గారు బూడిదకాడికి పంపొద్దన్నారు. నేనేం సెయ్యనండి? దసరా దాకా చూత్తాను. ఈలోపు ఆ కిటికీలకి రెక్కలు పడ్డాయా సరేసరి, లేదంటే మానిపించేత్తాను. సదువు పోతే పోయింది, పిల్లుంటది.”

“నేను చేయిస్తాను రత్నం,” అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. అప్పటికి రెండేళ్లుగా ఆ రెక్కల కోసం అర్జీలు రాస్తున్నదాన్ని నేనే. ఒకసారి “సదరు బూడిద యొక్క ఉనికికి శాస్త్రీయ ఆధారము జతపరచవలెను” అని జవాబొచ్చింది. బూడిదనే పొట్లం కట్టి జతపరిచాను. “మీరు పంపిన పొడి అందినది. ఏ నిమిత్తము పంపినారో తెలుపవలెను” అని మళ్లీ రాశారు.

ఇలా ఉండగా ఆగస్టులో ప్రభుత్వం వారి దృష్టి హఠాత్తుగా గాలి మీద పడింది. బడుల్లో గాలి నాణ్యతకి నిబంధనలు వచ్చాయి. జిల్లాకో వాయు సమన్వయాధికారి వచ్చారు, మా జిల్లాకి వచ్చినాయన విశ్వేశ్వరం గారు. బడికో యంత్రం వచ్చింది. టిఫిను డబ్బా అంత తెల్ల పెట్టె, దానికో ఆకుపచ్చ దీపం, ఓ ఎర్ర దీపం. గాలిలో ఎంత మురికి ఉందో గంటగంటకీ కొలిచి ఆ అంకెని తనంతట తనే జిల్లా ఆఫీసుకి పంపేస్తుంది. మధ్యలో మనుషులెవరూ వేలు పెట్టడానికి లేదు. యాభై లోపుంటే మంచి గాలి. మూడొందలు దాటితే ఎర్ర దీపం వెలిగి కూత పెడుతుంది. “సదరు యంత్రమును విద్యార్థులు అధికముగా కూర్చుండు గది యొక్క కిటికీ నందు అమర్చవలెను” అని సర్క్యులర్లో ఉంది.

అది చదివి నాకు పట్టరాని సంతోషం కలిగింది. యంత్రాన్ని మా కిటికీకి కడితే పావుగంటలో కూత పెడుతుంది, శాస్త్రీయ ఆధారం జిల్లా ఆఫీసు చెవిలోనే మోగుతుంది, దసరాకి చాలా ముందే రెక్కలొస్తాయి. మేకులూ సుత్తీ పట్టుకుని హెడ్మాస్టరు గారి గదికి వెళ్లాను. అప్పటికే ఆయన బీరువా తాళం తీస్తున్నారు.

మా హెడ్మాస్టరు రామలింగస్వామి గారు మంచివారు. మార్చిలో రిటైరవుతారు. ఆయన గదిలో ఒక పచ్చ ఇనప బీరువా ఉంది. భూగోళం అందులోనే ఉంటుంది. మైక్రోస్కోపు వచ్చిన అట్టపెట్టెతో సహా అందులోనే ఉంటుంది. గాలి ఊదని వాలీబాల్ కూడా అందులోనే. వాటిని నేను బదిలీ మీద వచ్చిన రోజున ఒకసారి చూశాను.

“ముప్పై ఆరేళ్ల సర్వీసులో ప్రభుత్వం వారి సామాను ఒక్కటి పోగొట్టలేదండి సుభాషిణి గారూ,” అన్నారు ఆయన యంత్రాన్ని భూగోళం పక్కన సర్దుతూ. “దేన్నీ బయటికి తియ్యలేదు కాబట్టే పోలేదు.”

“కిటికీకి కట్టమన్నారు కదండీ.”

“కడతాం. ఏ కోతో ఎత్తుకుపోద్ది. రిటైర్మెంటు ముందు ఆ కోతి వెనకాల నేను తిరగాలా?”

“మనూళ్లో కోతుల్లేవండి.”

“ఇలాంటిది కట్టేరని తెలిస్తే వస్తాయండి.”

“అది గాలిని కొలవాలి సార్. బీరువాలో పెడితే ఎలాగండి?”

“ఏం, బీరువాలో గాలుండదా?”

భౌతికశాస్త్రం టీచర్ని కాబట్టి ఉండదని అనలేకపోయాను. ఇనప డబ్బాలోంచి సిగ్నలు పోదు, అప్పుడైనా బయటికి తీస్తారని ఆశపడ్డాను. ఆయన కమ్మరిని పిలిపించి బీరువా వెనక చిల్లు కొట్టించారు. అందులోంచి కరెంటు వైరు లోపలికి పంపించారు, సిగ్నలు తీగ బయటికి లాగించారు. తాళం వేసి, పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

మొదటి అంకె పదకొండు. రెండో అంకె కూడా పదకొండే. మూడో రోజుకి జిల్లా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. జిల్లాలో రెండో స్థానంలో ఉన్న బడికి నూట డెబ్భై వచ్చిందట, ఆ బడి కొబ్బరితోటలో ఉంది.

వారం తిరక్కుండా నా అర్జీకి జవాబు కూడా వచ్చింది. “మీ పాఠశాల యొక్క గాలి సూచిక 11గా నమోదగుచుండగా, బూడిద పడుచున్నదని మీరు తెలియజేసినది గాలి కబురుగా భావించడమైనది. కిటికీ రెక్కల ప్రతిపాదన తిరస్కరించడమైనది.” నాకు ఒళ్లు మండి, యంత్రం బీరువాలో ఉందని ఉన్నదున్నట్టు రాసి పంపాను. “ప్రభుత్వ ఆస్తిని భద్రపరచినందులకు అభినందనలు” అని వచ్చింది. అసలు వాళ్లని యంత్రం పంపమని ఎవరడిగారు? బూడిద కళ్లకి కనపడుతూనే ఉంది కదా.

సెప్టెంబరు మొదట్లో ఒక రోజు అంకె హఠాత్తుగా అరవై నాలుగుకి ఎక్కింది. జిల్లా అంతా గగ్గోలు. మధ్యాహ్నానికి మెమో వచ్చింది, జిల్లాకే తలమానికమైన గాలి ఎందుకు చెడినదో గంటలో సంజాయిషీ ఇవ్వాలట. హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. ఆలోచించగా కారణం దొరికింది. బొద్దింకలు రాకుండా ముందురోజు ఆయనే బీరువాలో గుప్పెడు కలరా ఉండలు వేశారు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం ఆయన అలవాటు. “బీరువాలో కలరా ఉండలు ఉన్నందువలన” అని ఫోన్లో చెప్పారు. అవతల రాసుకున్న గుమస్తా వేగంలో ఒక మాట వదిలేశాడు. పైకి వెళ్లిన కాగితంలో “కలరా ఉన్నందువలన” అని మాత్రమే ఉంది.

మూడింటికల్లా రెండు జీపులొచ్చాయి. డాక్టరు, ఇద్దరు నర్సులు, ఆరు బస్తాల బ్లీచింగు పౌడరు. పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి నాలుకలు చూశారు. మంచినీళ్ల కుండలు పగలగొట్టించారు. మధ్యాహ్న భోజనంలో మిగిలిన సాంబారుని సీసాలో పట్టి సీలు వేసి పరీక్షకి పంపారు. గదుల నిండా బ్లీచింగు చల్లేసరికి నాగదుర్గకి దగ్గు ఆగలేదు. దాన్ని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి వీపు రాస్తూ గంటసేపు ఉన్నాను. హెడ్మాస్టరు గారు “అవి కలరా ఉండలండి బాబూ, ఉండలు” అని ఒక్కొక్కరికీ చెబుతూ తిరిగారు. డాక్టరు గారు సానుభూతిగా తలూపి, ఆ ఉండలు ఎవరెవరు తిన్నారని అడిగారు.

ఆ సాయంత్రం ఉండలు తీసేశారు. మర్నాడు మళ్లీ పదకొండు వచ్చింది. “చినమట్లంకలో కలరా ఒక్కరోజులో అదుపులోకి వచ్చినది” అని జిల్లా ఆఫీసు ప్రకటించింది. ఆ ఘనతతో మా బడికి ప్రశంసాపత్రం ఖాయమైంది.

సన్మానానికి విశ్వేశ్వరం గారు స్వయంగా వచ్చారు. బీరువాని నలుగురు మోసి వేదిక మీదికి తెచ్చారు, వైరుకి ఇంకో వైరు కలిపి యంత్రం ఆగకుండా చూశారు. బీరువాకి బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. ఆ దండ నూకరత్నం కట్టిందే. మిల్లు ఆ రోజు కూడా నడుస్తోంది. షామియానా మీద బూడిద సన్నగా పడుతూనే ఉంది.

“ఈ శుభ సందర్భమును పురస్కరించుకొని యావన్మందికీ తెలియజేయునది ఏమనగా,” అని మొదలుపెట్టారు విశ్వేశ్వరం గారు, జేబురుమాలుతో భుజం దులుపుకుంటూ, “గాలి అనునది కంటికి కనిపించదు. కనుక కంటికి కనిపించు దానిని బట్టి గాలిని నిర్ణయించరాదు. అంకెను బట్టి నిర్ణయించవలెను. సదరు అంకె విషయమై ఈ పాఠశాల రాష్ట్రమునకే దారి చూపినది.”

చప్పట్లయ్యాక విద్యార్థుల స్పందన కావాలన్నారు. బాగా మాట్లాడే పిల్ల అని నాగదుర్గని వేదిక ఎక్కించారు. నేను దానికేమీ నేర్పలేదు, దేవుడి తోడు.

“చెప్పమ్మా. మీ పాఠశాల నందలి గాలి ఎట్లున్నది?”

అది మైకు ముందు నిలబడి కాసేపు దగ్గింది. దగ్గు తగ్గేదాకా అందరూ ఆగారు. “బీరువాలో బాగుంటదంటండి,” అంది, ఊపిరి కూడదీసుకుని. తరవాత దాని కొలత చూస్తున్నట్టు బీరువా వంక పైనించి కిందికి చూసింది. “మేం కూడా అందులో పడతామా అండి?”

హెడ్మాస్టరు గారు తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. విశ్వేశ్వరం గారు మాత్రం డైరీ తీసి రాసుకున్నారు. “ఆలోచించదగిన సూచన,” అన్నారు.

నిజంగానే ఆలోచించారు. పది రోజుల్లో ప్రతి విద్యార్థి ఎత్తూ చుట్టుకొలతా కోరుతూ ఫారాలొచ్చాయి. మా డ్రిల్లు మాస్టారు రెండు రోజులు టేపు పట్టుకుని తిరిగి, ఆరో తరగతి వాళ్లు అరలు తీసేస్తే ఇద్దరేసి పడతారనీ, పదో తరగతి వాళ్లు అసలు పట్టరనీ తేల్చారు. పదో తరగతికి పబ్లిక్ పరీక్షలున్నాయి కాబట్టి వాళ్లకి అన్యాయం చేయలేక ఆ ప్రతిపాదన వాయిదా వేశారు. దాని బదులు కొత్త సర్క్యులర్ వచ్చింది. “శ్రేష్ఠమైన గాలి బీరువా యందు లభ్యమగుచున్నట్లు రుజువైనందున, గదికి ఒకటి చొప్పున బీరువాలు సరఫరా చేయడమైనది. వీటిని ఎల్లవేళలా తాళము వేసి ఉంచవలెను. వీటి యందు గాలి తప్ప మరేమియు పెట్టరాదు.”

దసరా సెలవులకి రెండు రోజుల ముందు లారీలో బీరువాలు దిగాయి. మా బడికి పది గదులు. వచ్చినవి మాత్రం పదకొండు, ఎందుకంటే తుపానుకి కూలిపోయిన గది కాగితాల్లో ఇంకా నిలబడే ఉంది. ఆరున్నర అడుగుల ఎత్తు, ఎదురుగా నిలబడితే గోడలా ఉన్నాయి. పదకొండోదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక హెడ్మాస్టరు గారు వరండాలో దాని చుట్టూ తిరుగుతున్నారు.

“సార్, నాకు రెండు కావాలండి,” అన్నాను.

“రెండెందుకండి? మీ గది ఒకటేగా?”

“కిటికీలు రెండు కదండీ.”

ఆయన నా మొహం వంకే చూశారు. తరవాత మిల్లు పొగగొట్టం వంక చూశారు. చొక్కా చేతులు మడిచి బీరువాకి ఓ పక్క తనే పట్టారు.

రెండు కిటికీలకీ రెండు బీరువాలు ఆనించేసరికి బూడిద ఆగిపోయింది. రెండేళ్లలో మొదటిసారి నా బల్ల మీద పొద్దున్న రాసిన సుద్దముక్క గీత సాయంత్రానికి కూడా కనపడింది. సెలవులయ్యాక టీసీ తీసుకుపోదామని వచ్చిన నూకరత్నం గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసింది.

“కిటికీలకి బీరువాలెట్టేరేటండి?”

“గవర్నమెంటు వాళ్లు ఇచ్చారు రత్నం.”

“రెక్కలు ఇంతకన్నా సులువు కాదాండి?”

“మనకి సులువు. వాళ్లకి కాదు.”

ఆవిడ తల పంకించి, కార్తీకం వెళ్లేదాకా చూస్తానంది. నెల తిరిగేసరికి నాగదుర్గకి పిల్లికూతలు తగ్గాయి. అయితే ఇప్పుడు గది పట్టపగలు చీకటి. లైట్లు లేవు, వైరింగూ ఆ తుపానులోనే పోయింది. బోర్డు మీద నేను రాసేది నాకే కనపడదు. నాగదుర్గ నోటు పుస్తకం గుమ్మం దగ్గరికి తెచ్చుకుని గడప మీద కూర్చుని రాసుకునేది. మూడు వారాల్లో దాని మార్కులు సగానికి పడిపోయాయి. “బోర్డు కనపడకపోతే బడికెందుకమ్మా, ఆయాసం లేకుండా ఇంటికాడే ఉంటాను,” అని వాళ్లమ్మతో అందట.

బీరువాల తనిఖీకి విశ్వేశ్వరం గారు వచ్చినప్పుడు మా గదిలో బెంచీ తట్టుకుని మోకాలికి దెబ్బ తగిలించుకున్నారు. “ఇచ్చట వెలుతురు లోపము కలదు,” అన్నారు, మోకాలు పట్టుకుని. ఆ లోపం రాష్ట్రమంతా ఉండవచ్చని ఆయనకి తోచి, పైకి రాశారు. నవంబరులో బడికో వెలుతురు కొలిచే యంత్రం వచ్చింది. ఇదీ టిఫిను డబ్బా అంతే, ఇదీ గంటగంటకీ అంకె పంపుతుంది. దీన్నీ కిటికీ దగ్గర అమర్చవలెనట.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించారు. వెళ్లేసరికి యంత్రం బల్ల మీద ఉంది, పక్కన మేకులు, సుత్తి. ఆయన మొహం పాలిపోయి ఉంది.

“ఆవేళ ఆ పిల్ల మేం కూడా పడతామా అండి అని అడిగింది చూశారూ. అప్పట్నించి నాకు మనసు మనసులో లేదండి,” అన్నారు. “ఈసారి కిటికీకే కడదాం. కోతి ఎత్తుకుపోతే పోయింది. రిటైర్మెంటు సంగతి తరవాత చూసుకుంటాను. పదండి.”

ముప్పై ఆరేళ్లలో ఆయన ఒక సామాను బయట పెడతాననడం అదే మొదటిసారి. నాకు ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది. సుత్తి ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

“వద్దు సార్,” అన్నాను. “బీరువాలో పెట్టండి.”

ఆయన అర్థం కానట్టు చూశారు. పచ్చ బీరువా వైపు వేలు చూపించాను. చూస్తుండగానే ఆయన పెదవులు కదిలాయి, తరవాత మీసం కదిలింది. ఆయన నవ్వగా నేను చూడడం కూడా అదే మొదలు. యంత్రాన్ని భూగోళం పక్కన పెట్టి తలుపు మూశారు, తాళం వేసి రెండుసార్లు లాగి చూశారు. వెనక చిల్లులోంచి కాస్త వెలుతురు పోతుందేమోనన్న అనుమానం కూడా ఆయనకే వచ్చింది. బోర్డు తుడిచే గుడ్డ చింపి, వైర్ల చుట్టూ గట్టిగా కుక్కారు.

మొదటి అంకె సున్నా. రెండో అంకె సున్నా. పన్నెండు గంటలకి, నడినెత్తిన సూర్యుడుండగా, మూడో సున్నా వెళ్లేసరికి ఫోను మోగింది.

“సున్నాయా? మిట్టమధ్యాహ్నము సున్నాయా?” విశ్వేశ్వరం గారి గొంతు గది అంతా వినపడింది. “శ్రేష్ఠమైన గాలి గల పాఠశాల నందు బొత్తిగా వెలుతురు లేదనిన రాష్ట్రము నందు మన పరువేమి కావలెను? కిటికీలు లేవా?”

“ఉన్నాయండి. బీరువాలు అడ్డున్నాయండి.”

“బీరువాలు తీసివేయుడు!”

“తీస్తే గాలి అంకె పెరుగుద్దేమోనండి,” అన్నారు రామలింగస్వామి గారు ఎంతో వినయంగా. “గాలి రాకుండా వెలుతురు మటుకే వచ్చేది ఏదైనా ఉంటే...”

అవతల బల్ల మీద పెన్నుతో టకటకా కొడుతున్న చప్పుడు. ఆలోచిస్తున్నారని తెలుస్తోంది.

“అద్దములు,” అన్నారు చివరికి. “అద్దపు రెక్కలు. అది నాకు తోచిన ఆలోచనగా ఫైలులో నమోదు చేయుడు.”

“ఆయ్, అలాగేనండి,” అన్నారు హెడ్మాస్టరు గారు.

నాలుగో రోజున వడ్రంగులు వచ్చారు. బీరువాలు పక్కకి జరిపి, రెండు కిటికీలకీ కొత్త టేకు చట్రాలతో అద్దపు రెక్కలు బిగించారు. మధ్యాహ్నానికి గడియలు వేశారు. మిల్లు పొగ ఎప్పటిలాగే లేచింది, బూడిద ఎప్పటిలాగే మా కిటికీ దాకా వచ్చింది, అద్దానికి తగిలి బయటి గూట్లో పడింది. గది నిండా ఎండ.

నూకరత్నం వచ్చి అద్దం మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఆ రోజు టీసీ మాట ఎత్తలేదు, బుట్టలోంచి మూరెడు చామంతులు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నాగదుర్గ మళ్లీ కిటికీ పక్క బెంచీలోకి మారింది. పీరియడ్ మొదలై పది నిమిషాలైనా అది దగ్గలేదు. పదకొండో నిమిషంలో చెయ్యెత్తింది.

“టీచరుగారండీ, ఎండ అద్దంలోంచి వత్తాదండి, బూడిద రాదండి. ఎందుకండి?”

ఆ ప్రశ్నకి కూడా ఒక పీరియడ్ పట్టింది. ఈసారి అది చివరిదాకా విన్నది.

వెలుతురు యంత్రం ఇంకా పచ్చ బీరువాలోనే ఉంది, ఇంకా సున్నాయే పంపుతోంది. వైరింగు మాటేమిటని పైనుంచి కదలిక వస్తోందట. గదికి రెండు ట్యూబులైట్లు వచ్చేదాకా తాళం తియ్యొద్దని హెడ్మాస్టరు గారికి చెప్పాను.